తెర పక్క గొంతు

మా ఆవిడకి రెండు గొంతులున్నాయి. పగలు రక్తపరీక్షల ల్యాబులో కౌంటరు దగ్గర కూర్చుని టోకెన్ నంబర్లు పిలిచేది ఒకటి. ఆ గొంతు వింటే బెంచీ మీద కునికిపాట్లు పడుతున్నవాళ్లు తమ నంబరు కాకపోయినా లేచి నిలబడతారు. సాయంత్రం నాటకాల హాల్లో తెర పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని వాడేది రెండోది. అది నటుడి చెవిదాకా వెళ్లి అక్కడే ఆగిపోవాలి. మొదటి వరసలో కూర్చున్నవాడికి కూడా అందకూడదు. ఇంట్లో నీతో ఏ గొంతు వాడుతుందోయ్ అని మిత్రులు అడుగుతుంటారు. అది ఆ రోజు నేను చేసిన తప్పుని బట్టి ఉంటుంది.

ఆవిడ ప్రాంప్టరు. నటులు మాట మరిచిపోతే చాటునుంచి అందించే మనిషి. ఈ పని ఆవిడకి నా పుణ్యమా అని దొరికింది. నాకు కళ్లద్దాల దుకాణం ఉంది. పంతొమ్మిదేళ్ల కిందట నాటక సమాజంవాళ్లు ఒక పాత్రకి అద్దాల్లేని ఫ్రేము కావాలంటే, ఇచ్చి రమ్మని మా ఆవిణ్ణి పంపాను. ఫ్రేము ఇచ్చేసి రావాల్సిన మనిషి రిహార్సలు చూస్తూ కూర్చుండిపోయింది. మర్నాడూ వెళ్లింది, ఫ్రేము వదులుగా ఉందేమో చూడాలంటూ. మూడోరోజు హీరో మాట మరిచి నీళ్లు నములుతుంటే, వెనక కుర్చీలోంచి ఈవిడ విసుగ్గా ఆ వాక్యం అందించింది, టోకెన్లు పిలిచే గొంతుతో. రిహార్సలు మొత్తం ఆగిపోయింది. సమాజంలో అందరికన్నా పెద్ద నటుడు, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, చెయ్యి కళ్లకి అడ్డంపెట్టుకుని చీకట్లోకి చూసి, "ఎవరమ్మా అది? ఆ గొంతు కాస్త తగ్గించగలిగితే రేపట్నుంచి రా" అన్నారు.

తగ్గించడానికి ఆర్నెల్లు పట్టింది. మా ఇంట్లో ఆ ఆర్నెల్లూ స్వర్ణయుగం.

మాట అందించడం అంటే పక్కనించి చదివెయ్యడం అనుకునేవాణ్ణి. కాదట. వాక్యం మొత్తం అందిస్తే నటుడు తికమకపడతాడు. మొదటి మాటలో సగం చాలు, మిగిలింది దానంతటదే ఊడి వస్తుంది. అసలు కష్టం ఎప్పుడు అందించకూడదో తెలుసుకోవడం. కొత్తలో ఒకసారి, ఉత్తరం చదివే ఘట్టంలో పెద్దాయన మధ్యలో ఆగితే, మరిచిపోయారనుకుని అందించింది. ఆయన పలకలేదు. మళ్లీ అందించింది. మూడోసారి కూడా అందించింది. తెర పడ్డాక ఆయన వచ్చి, "తల్లీ, నేను అక్కడ ఏడుస్తున్నాను. నన్ను కాస్త ఏడవనియ్యి" అన్నారు. అప్పటినించీ ఆవిడ స్క్రిప్టులో పెన్సిలు చుక్కలు మొదలయ్యాయి. చుక్క ఉన్నచోట నటుడు కావాలని ఆగుతాడు, నోరు మెదపకూడదు. చుక్క లేనిచోట ఆగితే ఆదుకోవాలి. పెద్దాయన విషయంలో ఇంకో గుర్తు కూడా కనిపెట్టింది. మాట నిజంగా మరిచిపోతే ఆయన ఎడమ బొటనవేలు చూపుడువేలిని రుద్దుతుంది.

రెండేళ్లుగా ఆ వేలు ఎక్కువ రుద్దుతోంది.

ఈ సంగతి ముగ్గురికే తెలుసు. ఆయనకి, మా ఆవిడకి, ఆవిడ నిద్రలో కూడా ఆయన వాక్యాలు సగం సగం గొణుగుతుంటే వినే నాకు. ఒకప్పుడు నాటకానికి ఒకటో రెండో మాటలు అందుకునే మనిషి ఇప్పుడు సగం పాత్ర అందుకుంటున్నారు. కొత్త నాటకంలో ఆయనది ముసలి గడియారాల రిపేరువాడి వేషం. రెండో భాగంలో పోయిన భార్యతో ఒంటరిగా మాట్లాడుకునే ఘట్టం తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాలూ ఇద్దరూ కలిసి చేస్తున్నారు. ఒకరు వెలుగులో, ఒకరు చీకట్లో. హాల్లో రెండువందలమంది ఉంటారు. ఒక్కరికీ తెలియదు. ఆయన ఊపిరి తీసుకునే సందులో ఈవిడ మాట దూరిపోతుంది.

మా అక్కయ్య వచ్చేదాకా అలా సాగింది.

మా అక్కయ్య రిటైరైన హెడ్మిస్ట్రెస్. పదవి వదిలి ఆరేళ్లయినా పదవి ఆవిణ్ణి వదల్లేదు. ఇప్పటికీ నేను ఆవిడ ముందు కూర్చుంటే చేతులు కట్టుకుంటాను. ఈ ఊళ్లో తన పాత స్నేహితురాల్ని చూసిపోదామని వచ్చి మా ఇంట్లో దిగింది. శనివారం నాటకానికి తీసుకెళ్లాను. సమాజంలో పనిచేసేవాళ్ల ఇంటివాళ్లకి రెండు సీట్లు ఊరికే ఇస్తారు. ముందు వరసలో ఎడమవైపు చివరివి. స్తంభం అడ్డు కాబట్టి వాటిని ఎవరూ కొనరు. ఆ సీట్లకి రెండడుగుల అవతల తెర, తెర వెనకే మా ఆవిడ ముక్కాలిపీట. మామూలుగా చెవికి ఆ గుసగుస చేరదు. అక్కడ కూర్చునేవాళ్లంతా సొంత మనుషులే కాబట్టి, చేరినా ఫరవాలేదని ఇన్నేళ్లూ ఎవరూ ఆలోచించలేదు.

రెండో భాగం మొదలవగానే అక్కయ్య చేతిసంచీలోంచి ఫోను తీసింది. సంచీని ఒళ్లో నిలబెట్టి, ఫోనుని దానికి ఆనించి, స్తంభం పక్కనుంచి స్టేజి కనిపించేలా సర్దింది. ఫోటోలు, వీడియోలు తీయరాదని ప్రతి ద్వారం దగ్గరా రాసి ఉంది. జీవితమంతా పిల్లల చేతుల్లోంచి చీటీలు లాక్కున్న మనిషి అంత నేర్పుగా కాపీకి ఏర్పాట్లు చేస్తుందని నేననుకోలేదు. నేనేం చేశానో కూడా చెప్పాలి. వద్దనాల్సింది. అనలేదు. వంగి, ఆవిడ చెవిలో, "అక్కా, వెలుగు తగ్గించు, కనిపిస్తోంది" అన్నాను.

యాభై రెండేళ్ల మనిషిని. కళ్లద్దాల దుకాణం వాణ్ణి. నా చూపు ఆ మేరకే పనిచేసింది.

అక్కయ్య ఆ వీడియోని స్నేహితురాలికి పంపింది. అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. గర్వం పట్టలేక, పూర్వ విద్యార్థుల గ్రూపులో కూడా పెట్టింది. 'మా మరదలు పనిచేసే నాటకం. అందరూ విధిగా చూడగలరు' అని రాసింది. వాళ్లు విధిగా చూశారు. అందులో ఒక బుద్ధిమంతుడు, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మరీ చూసినవాడు, ఒక వింత కనిపెట్టాడు. ప్రతి మాటా ముందు ఒక ఆడగొంతు గుసగుసగా వస్తోంది, తర్వాత ముసలాయన నోట వస్తోంది. ఫోను మైకు తెరకి దగ్గరగా ఉంది కదా, స్టేజి మాటకన్నా తెర పక్క మాటే దానికి బాగా వినబడింది. అతను నలభై సెకన్ల ముక్క కోసి, గుసగుసని ఇంకాస్త పెంచి, 'పాఠం ఒకరిది, ప్రైజు ఒకరికి' అని పేరు పెట్టి వదిలాడు. అక్కణ్నుంచి అది ఊరి మీద పడింది.

మంగళవారం ఉదయం మా ఆవిడ ల్యాబులో ముప్ఫై ఆరో నంబరు పంపించి, ముప్ఫై ఏడు పిలవబోతోంది. బెంచీ మీద ఎవరో ఫోను పట్టుకుని నవ్వుతున్నారు. పక్కవాడు వంగి చూస్తున్నాడు. ఆ ఫోన్లోంచి తన గొంతు వినిపించింది. తన రెండో గొంతు, పంతొమ్మిదేళ్లుగా ఒక్క మనిషి చెవికోసమే దాచుకున్నది, పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ల మధ్య బయటపడి తిరుగుతోంది. వెనకే పెద్దాయన తడబాటు, ఆ వెనక నవ్వులు. ఆవిడకి తర్వాతి నంబరు గుర్తురాలేదు. ఒక ముసలావిడ లేచి, నాది ముప్ఫై ఏడమ్మా, పిలవవేం అని అడిగిందట.

సాయంత్రం రిహార్సలుకి పెద్దాయన వచ్చారు. గడియారాలవాడి కోటు మడతపెట్టి కుర్చీ మీద ఉంచారు. మంగలి షాపులో ఎవరో చూపించారని, శనివారానికి వేరే మనిషిని చూసుకోమని దర్శకుడితో చెప్పారు. కోపం లేదు. మా ఆవిడ వైపు మాత్రం చూడలేదు. దర్శకుడు, ఇది ఎడమవైపు చివరి సీట్లోంచి తీసిందే, ఎవరివా సీట్లు అన్నాడు. మా ఆవిడ లేచి నిలబడి, మావే, మావాళ్లే తీశారు అని చెప్పి, స్క్రిప్టు సంచీలో పెట్టుకుని ఇంటికొచ్చేసింది.

వచ్చేసరికి అక్కయ్య సోఫాలో కూర్చుని వీడియోని ఎంతమంది చూశారో మురిపెంగా లెక్కపెడుతోంది. మా ఆవిడ జరిగిందంతా చెప్పింది. అక్కయ్య మొదట నమ్మలేదు, తర్వాత మొహం పాలిపోయింది. ఆ వెంటనే హెడ్మిస్ట్రెస్ లేచింది.

"నేనేం దొంగతనం చేశానే? హాల్లో రెండొందలమంది చూసిందే కదా, ఇంకో నలుగురు చూశారు. మెట్లు దిగలేని నా స్నేహితురాలు మంచంలో ఉంది, దానికి నాటకమంటే ప్రాణం. దానికోసం తీశాను."

"ఆ రెండొందలమందికీ ఆయన మరుపు కనపడలేదు వదినగారూ. వాళ్లు నాటకం చూడ్డానికొచ్చారు, నాటకమే చూసి వెళ్లారు. మీ ఫోను ఆయన్ని చూసింది." మా ఆవిడ నెమ్మదిగానే అంది. "ఆవిడకోసం అని ఒక్కమాట అడిగుంటే ఆయనే ఏదో దారి చెప్పేవారు. మనం అడగలేదు."

మనం అన్నది ఆవిడ మంచితనం. అక్కయ్య ఆ మంచితనాన్ని నా మీదకి తిప్పింది.

"అడగొచ్చని వీడికి తెలీదూ? పక్కనే ఉన్నాడు. వెలుగు తగ్గించమని సలహా కూడా ఇచ్చాడు."

మా ఆవిడ నా వైపు చూసింది. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం వడ్డించాక, బల్ల దగ్గర నేను తప్ప ఇంకెవరూ లేకపోయినా, ల్యాబు గొంతుతో "తర్వాత!" అని పిలిచేది. నేను వెళ్లి కూర్చునేవాణ్ణి.

అక్కయ్య ఊరుకునే మనిషి కాదు. ముందు వీడియో తీసేసింది. తర్వాత గ్రూపులో ఉన్న అరవై ముగ్గురికీ పేరు పేరునా ఫోన్ చేసి, వెంటనే చెరిపెయ్యమని ఆజ్ఞ జారీ చేసింది. అందులో సగంమంది అసలు చూడనేలేదట. హెడ్మిస్ట్రెస్ స్వయంగా ఫోన్ చేసి చెరపమంటోందంటే అందులో ఏముందోనని, చెరిపే ముందు శ్రద్ధగా చూశారు. ముక్క కోసిన బుద్ధిమంతుడు దొరికాడు. ఇద్దరు పిల్లల తండ్రి, బ్యాంకులో ఆఫీసరు. ఆవిడ గొంతు వినగానే లేచి నిలబడ్డాడని నా అనుమానం. తనది తీసేశాడు. అది అప్పటికే ఎవరెవరి చేతుల్లోకో వెళ్లిపోయిందని, అవి తన వల్ల కావని ఏడుపుగొంతుతో చెప్పాడు.

గురువారం పొద్దున్న అక్కయ్య చీర మార్చుకుని, పద, పెద్దాయన ఇంటికి అంది. మా ఆవిడకి చెబుదామంటే, దానికి ఇంకా ఎంత తలవంపులు తెస్తావురా అంది. వెళ్లాం.

పెద్దాయన వరండాలో కూర్చుని బూట్లకి పాలిష్ వేస్తున్నారు. కుర్చీలు చూపించారు. అక్కయ్య జీవితంలో మొదటిసారి కూర్చోకుండా మాట్లాడింది. తప్పు తనదేనని, మరదలికి తెలియదని, ఈ వెధవకి తెలుసని చెప్పింది. ఆయన రెండో బూటు చేతిలోకి తీసుకున్నారు.

"ఎందుకు తీశారమ్మా?"

అక్కయ్య స్నేహితురాలి గురించి చెప్పింది. తనతో ఒకే బళ్లో ఇరవై ఏళ్లు డ్రాయింగు టీచరు. లిఫ్టు లేని మూడో అంతస్తు. నడుం పడిపోయి రెండేళ్లుగా కిందికి దిగలేదు. ఒకప్పుడు ఈ సమాజం వేసిన ప్రతి నాటకానికీ వచ్చేది. ఆయన బ్రష్ ఆపి విన్నారు.

"అడిగి తీసుంటే ఒప్పుకునేవాణ్ణి. జుట్టుకి రంగేసుకుని మరీ వచ్చేవాణ్ణి" అన్నారు. బూటు కింద పెట్టి, "ఆవిడ చూసింది దొంగ సరుకు కదా. అసలు సరుకు చూపిస్తే బాగుంటుందేమో" అన్నారు. అంతలోనే తల అడ్డంగా ఊపారు. "కానీ ఆ తల్లి లేకుండా నేను రెండు వాక్యాలు కూడా చెప్పలేను. దాని మొహం చూడ్డానికి నాకు మొహం చెల్లట్లేదు. నావల్ల దాని గొంతు బజార్న పడింది."

ఆయన మా ఆవిడ వైపు చూడకపోవడానికి కారణం అదా అని నాకప్పుడు తెలిసింది. ఆవిడేమో తనవల్ల ఆయన పరువు పోయిందని కుమిలిపోతోంది. నేను అక్కడినించే మా ఆవిడకి ఫోన్ చేసి ఈ మాటా, డ్రాయింగు టీచరుకి అసలు సరుకు చూపించాలన్న ఆయన ఆశా చెప్పాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. అక్కడ నిజంగానే పెన్సిలు చుక్క ఉందనిపించి, నేనూ నోరెత్తలేదు. చివరికి, "నాలుగింటికి డ్యూటీ అయిపోతుంది, ఎక్కడికి రావాలో చెప్పండి" అంది. రెండు రోజుల తర్వాత నాతో ఆవిడ అన్న మొదటి మాట. అన్నం దగ్గర పిలిచిన "తర్వాత!" లెక్కలోకి రాదు.

మూడో అంతస్తు మెట్లు పెద్దాయన ఆగి ఆగి ఎక్కారు, కోటు భుజం మీద వేసుకుని. గది చిన్నది. మంచం, మందుల బల్ల, బీరువా, ఒక కిటికీ. గోడలనిండా కాగితాల మీద గీసిన చేతులు. డ్రాయింగు టీచరు దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆయన్ని చూసి జడ ముందుకి లాక్కుని సర్దుకుంది, పద్దెనిమిదేళ్ల పిల్లలాగా. మంచానికీ బీరువాకీ మధ్య నాలుగడుగుల చోటే స్టేజి. తెర లేదు కాబట్టి మా ఆవిడ స్క్రిప్టు పట్టుకుని తలుపు వెనకాల నిలబడింది.

టీచరమ్మ అటు చూసి, "ఆవిడ అక్కడ నిలబడిందేం? లోపలికి రమ్మనండి. భార్య కదా" అంది.

మాకెవరికీ అర్థం కాలేదు. ఎవరి భార్య అని అక్కయ్య అడిగింది.

"గడియారాలాయన భార్య. పోయినావిడ. ఈయన మాట తడుముకున్నప్పుడల్లా చెవిలో చెప్తూ ఉంటుందిగా. ఎంత బాగా రాశారో అనుకున్నాను. మా ఆయన బతికున్నన్నాళ్లూ అంతే, సగం చెప్పి ఆగేవాడు, మిగతా సగం నేను చెప్పాల్సిందే. ఆయన పోయాక నాకు మాట అందించేవాళ్లు లేరు." అందరి మొహాలూ చూసి, "ఏం, తప్పు అన్నానా?" అంది.

పెద్దాయన మంచం అంచున కూర్చుండిపోయారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ఉన్న నిజం దాచకుండా చెప్పారు. అమ్మా, అది నాటకంలో లేదు, నాకు మాటలు గుర్తుండటం లేదు, ఈ పిల్లే నన్ను నెట్టుకొస్తోంది అని. పరాయి మనిషి ముందు ఆయన తన మరుపుని అలా విప్పి చెప్పడం అదే మొదటిసారి.

"అయితే ఏం?" అంది టీచరమ్మ. "కానివ్వండి."

ఆయన లేచారు. తలుపు వెనకనించి మా ఆవిడ బయటికొచ్చి బీరువా పక్కన, అందరికీ కనిపించేలా నిలబడింది. తొమ్మిది నిమిషాలు. ఆయన బొటనవేలు మొదట్లో రెండుసార్లు కదిలింది, తర్వాత ఎందుకో కదల్లేదు. మాటలు మాత్రం మరిచిపోతూనే ఉన్నారు, అందుకుంటూనే ఉన్నారు. దాచుకోవడం ఒక్కటీ మానేశారు. అయిపోయాక టీచరమ్మ చప్పట్లు కొట్టలేదు. తన ఫోను అక్కయ్యకి ఇచ్చి, "అందులో ఉన్నది తీసెయ్యవే. అందులో ఆయన మొహం నా గోరంత కూడా లేదు" అంది.

మెట్లు దిగుతూ పెద్దాయన, శనివారం వేషం తనదేనని దర్శకుడికి చెప్పమన్నారు. మీరే చెప్పండి అంది మా ఆవిడ.

శనివారం హాలు నిండింది. అందరూ నాటకం కోసమే వచ్చారని నేననను. కొందరు ఆ గుసగుస వినాలని వచ్చారు. ఎడమవైపు సీట్ల కోసం, స్తంభం అడ్డున్నా సరే, అడిగారట. అక్కయ్య ద్వారం దగ్గర నిలబడి వచ్చినవాళ్లందరిచేతా ఫోన్లు ఆపించింది. ఆ పని ఆవిడకి ఎవరూ అప్పగించలేదు. ఒకాయన, మీరెవరండీ అడగడానికి అన్నాడు. "నేనేనండీ పోయినవారం తీసింది" అంది. ఆయన వెంటనే ఆపేశాడు.

రెండో భాగం వచ్చింది. పెద్దాయన భార్య ఫోటో ముందు కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టారు. మూడో నిమిషంలో ఆగారు. హాల్లో చెవులన్నీ ఎడమవైపుకి తిరగడం నాకు తెలుస్తూనే ఉంది. మా ఆవిడ అందించింది, అలవాటైన గొంతుతో. ఆయన అందుకోలేదు. తల తిప్పి, తెర వైపే చూస్తూ, గడియారాలవాడి గొంతుతోనే, "కాస్త గట్టిగా చెప్పవే, వయసైపోయింది" అన్నారు.

అది స్క్రిప్టులో లేదు. మా ఆవిడకి అందించడానికి ఏమీ లేదు. అప్పుడు తెర పక్కనించి ఆవిడ గొంతు వచ్చింది. ల్యాబుదీ కాదు, గుసగుసా కాదు. వెనక వరస దాకా వినిపించే మామూలు మాట. పంతొమ్మిదేళ్లలో హాలంతా ఆవిణ్ణి వినడం అదే మొదటిసారి. ఎవరూ నవ్వలేదు. ఆయన ఆ వాక్యం అందుకుని, దాన్ని ఆవిడకే చెబుతున్నట్టు చెప్పారు.

ఆ తర్వాత ఇంకా మూడుసార్లు అలా తిరిగి అడిగారు. మూడుసార్లు కాదు, రెండేసార్లు అంటుంది మా ఆవిడ. అక్కయ్య నాలుగంటుంది. చూసి తేల్చుకోవడానికి ఆ రోజు ఎవరూ తీయలేదు. ఈ విషయం మీద మా ఇంట్లో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది.